కల్లు ఆగిన నాలుగో రోజు: పాలమూరు నుంచి ఒక కేస్ స్టడీ

రోగి వయసు 52. దేవరకద్ర వైపు ఒక పల్లెలో వ్యవసాయ కూలీ. భర్త చనిపోయి తొమ్మిదేళ్లయింది. కొడుకు, కోడలితో కలిసి ఉంటుంది. బీపీ, షుగర్ లేవు. అంతకుముందు ఎన్నడూ మానసిక జబ్బు లేదు, ఇంట్లో మరెవరికీ లేదు. ఒక శుక్రవారం పొద్దున కొడుకు, అల్లుడు చెరో రెక్క పట్టుకుని క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. చీటీ మీద రాయించిన ఫిర్యాదు: "రెండు రోజుల నుంచి పిచ్చిగా మాట్లాడుతున్నది."

గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యపరమైనవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఆమెను వార్డులో పిలిచినట్టే ఇక్కడ కూడా పెద్దమ్మ అంటాను. నేను ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ చేసి జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో పనిచేస్తున్నాను. అమెరికాలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ రోగిని చూసి, జబ్బు నిర్ధారించి, మందులు కూడా రాస్తారు. మన దగ్గర నర్సుకు ఆ అధికారం లేదు, మందు డాక్టరే రాయాలి. కానీ రోగి కథ రాబట్టడం, గంట గంటకూ చూస్తూ మార్పు పట్టుకోవడం, ఇంటికెళ్లాక మందు సరిగ్గా పడుతోందో లేదో కనిపెట్టి ఉండడం మా పనే. ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే.

వచ్చేముందు జరిగింది

కూతురి రెండో కాన్పుకు సాయంగా పెద్దమ్మ మంగళవారం హైదరాబాద్ పోయింది. ఆ రాత్రి కన్ను మూయలేదు. కొత్త చోటు కదా అనుకున్నారు. బుధవారం చేతులు వణకడం, ఒళ్లంతా చెమట, ఊరికే కసురుకోవడం. పసిగుడ్డును ఎత్తుకోమంటే భయపడింది. రాత్రి వాకిట్లో పడిపోయింది. గురువారం తెల్లారేసరికి గోడ మీద ఎవరో కూర్చున్నారని, చనిపోయిన భర్త గేటు దగ్గర నిలబడ్డాడని చెప్పసాగింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో సైకోసిస్ (లేనివి వినిపించే, లేనివి నమ్మే మానసిక జబ్బు) అని రాసి హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ అనే శాంతపరిచే ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు గంటలు పడుకుంది. లేచాక గొడవ ఇంకా పెరిగింది.

బాలింత ఉన్న ఇంట్లో ఇదేం గాలి సోకిందోనని అందరూ బెంబేలెత్తారు. కారు మాట్లాడుకుని ఊరికి బయలుదేరారు. దారిలో కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాలో ఆగి, ఆ రాత్రి అక్కడే ఉండి తాయెత్తు కట్టించారు. వచ్చేసరికి అది మెడలోనే ఉంది. నేను ఎవరి తాయెత్తూ తీయమని చెప్పను. తల్లి కోసం ఆ పిల్లలు తమకు తెలిసిన చోటల్లా తిరిగారనే నేను అనుకుంటాను. అలాంటి కుటుంబం మందు విషయంలో కూడా మాట వింటుంది.

మొదటి పరీక్ష

నేను వెళ్లేసరికి స్ట్రెచర్ మీద కూర్చుని దుప్పటి మీంచి ఏదో ఏరుతోంది. మూడు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి కొంగులో వేసుకుంటోంది. కుడి చేయి, ఎడమ చేయి, మళ్లీ కుడి. కాస్సేపటికి కొంగు ముడేసి భుజాన వేసుకోబోయింది. "ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా?" అంటే తల ఎత్తకుండానే, "పొద్దు వోతున్నది బిడ్డా, ఇంక రెండు సాళ్లున్నయి" అంది. పత్తి ఏరుతోంది. దుప్పటి తెల్లది.

తెలివి కలతపడ్డ మనిషి తన రోజువారీ పనిని ఇలా గాల్లో చేయడం డెలీరియంలో, అంటే ఒంట్లో తేడా వల్ల ఉన్నట్టుండి తెలివి చెదిరిన స్థితిలో, చూస్తాం. డ్రైవర్ అయితే లేని స్టీరింగ్ తిప్పుతాడు. దీన్ని చూసినప్పుడు సైకోసిస్ అనే మాటను పక్కన పెట్టాలి. సైకోసిస్ ఉన్న మనిషికి లేని మాటలు వినిపిస్తున్నా సాధారణంగా తను ఏ ఊళ్లో ఉందో, ఏ పూటో తెలుస్తుంది. పెద్దమ్మకు అది తెలియలేదు. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే పద్దెనిమిది దాకా వచ్చి ఆగిపోయింది, నేను అడిగిన సంగతే మరిచింది. పది నిమిషాల తర్వాత కొడుకును పేరు పెట్టి పిలిచింది, ఆ వెంటనే అతన్నే మేస్త్రీ అనుకుంది. ఇలా వస్తూ పోతూ ఉండే తెలివి, నిలవని ధ్యాస, వినిపించడం కన్నా కనిపించడం ఎక్కువగా ఉండడం, 52 ఏళ్ల వయసులో రెండు రోజుల్లోనే మొదలుకావడం: ఇవన్నీ కలిసినప్పుడు కారణం మానసిక జబ్బులో కాదు, ఒంట్లో ఎక్కడో వెతకాలి.

నాడి 122. బీపీ 160/100. జ్వరం 99.6. కంటిపాపలు పెద్దవై ఉన్నాయి, అరచేతులు తడిసిపోయి ఉన్నాయి. గ్లూకోమీటర్‌లో షుగర్ 92, కాబట్టి అది కాదు. నోరు తెరిపించి చూస్తే నాలుక కుడి అంచున కొరుక్కున్న గాయం.

ఆ గాయం గురించి ఎవరూ చెప్పలేదు. "బుధవారం రాత్రి పడ్డప్పుడు ఏం జరిగింది?" అని అల్లుణ్ని మళ్లీ అడిగాను. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, కళ్లు తేలేసింది, చీర తడిసింది అన్నాడు. అది ఫిట్స్. వాళ్ల లెక్కలో దయ్యం ఊపడం. అందుకే క్లినిక్‌లో చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడి డాక్టరు కూడా వేరేగా ఆలోచించేవారేమో. హాలోపెరిడాల్ లాంటి మందులు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. ప్రోమెథజిన్ ఈ స్థితిలో తికమకను ఇంకా పెంచుతుంది. ఇంజెక్షన్ తర్వాత ఆమె ఎందుకు కుదుటపడలేదో అప్పుడు అర్థమైంది.

కోడలు చెప్పింది

కొడుకును, "అమ్మ తాగుతదా?" అని అడిగితే నొచ్చుకున్నాడు. "ఆడమనిషి, మందు ముట్టదు మేడం" అన్నాడు. అబద్ధం కాదు. మన పల్లెల్లో మందు అంటే విస్కీ, బ్రాందీ, చీప్ లిక్కర్. కల్లు ఆ లెక్కలో పడదు. పొలం పని చేసే ఆడవాళ్లు, మగవాళ్లు పూటపూటా తాగేదే అది. చోటుచోటా కూలితో పాటు కల్లు కూడా పోస్తారు. దేవుడికి సాక పోసేదీ కల్లే. అందుకే మా విభాగంలో కల్లు గురించి విడిగా, పేరు పెట్టి అడుగుతాం. ఆడవాళ్లను కూడా అడుగుతాం. ఎవరూ అడగకపోవడం వల్లే వాళ్ల కేసులు దయ్యాల ఖాతాలోకి, సైకోసిస్ ఖాతాలోకి పోతుంటాయి.

అసలు సంగతి మధ్యాహ్నం ఊరి నుంచి వచ్చిన కోడలు చెప్పింది. అత్త పొద్దున ఒక సీసా, మాపటికి రెండు తాగుతుంది. చెట్టు దగ్గరి ఈత కల్లు కాదు, దుకాణం కల్లు. "ఈత కల్లు తాగితే ఏం పట్టదంటది. గా దుకాణం కల్లు తాగితేనే నిద్ర. తాగినంక మెడ నిలవది, చొంగ కారుతది, ఏడున్నదో ఆడనే పంటది." ఏడాదిగా ఒక్క పూట తప్పినా చేతులు వణుకుతున్నాయి. మేనకోడలి పెళ్లికి పోయినప్పుడు సంచిలో సీసా పెట్టుకుని పోయిందట. చివరిసారి తాగింది సోమవారం సాయంత్రం.

ఇక్కడ లెక్క ముఖ్యం. కల్లు ఎంత పులిసినా దాంట్లో ఆల్కహాల్ బీరు స్థాయి దాటడం తక్కువ. రోజుకు మూడు సీసాల చెట్టు కల్లు మానేస్తే చిరాకు, కొంచెం వణుకు రావచ్చు. ఇంత పెద్ద దాడి సాధారణంగా రాదు. తాగిన కొలతకూ వచ్చిన జబ్బుకూ పొంతన కుదరలేదంటే ఆ సీసాలో వేరేది ఉందన్నమాట. తెలంగాణలో కల్తీ కల్లులో దొరికేవి అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ నార్కోటిక్స్ చట్టం కిందికి వచ్చే మత్తుమందులు. డాక్టరు చీటీ లేకుండా షాపులో ఒక్క గోలీ అమ్మకూడదు. అవే పొడి రూపంలో నీళ్లలో, శాక్రిన్‌లో కలిసి కల్లు పేరుతో కూలి మనుషుల కడుపుల్లోకి పోతున్నాయి. ఏ సీసాలో ఎంత కలిపారో తాగేవాళ్లకు తెలియదు, అమ్మేవాళ్లకూ సరిగ్గా తెలియదు. కోపం రాకుండా ఈ వాక్యం రాయలేను.

అల్ప్రాజోలం త్వరగా ఒంట్లోంచి పోయే మందు. రోజూ అలవాటైన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే ఒకటి రెండు రోజుల్లో వణుకు, నిద్రలేమి, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత డెలీరియం. పెద్దమ్మ వారం సరిగ్గా ఆ వరుసలోనే నడిచింది. 2015లో ఎక్సైజ్ దాడులతో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందల మంది ఇదే స్థితిలో ఆసుపత్రులకు వచ్చారు. దుకాణం మూయడం తప్పు కాదు. మూసిన మూడో రోజుకు మంచాలు, మందులు సిద్ధం చేసుకోకుండా మూయడం ప్రమాదం.

మూత్రం పరీక్ష గురించి ఒక మాట. ఇలాంటి కేసులో వైద్యానికి వాడే లోరజిపాం కూడా అల్ప్రాజోలం జాతి మందే, కాబట్టి అది ఇచ్చేముందే శాంపిల్ తీసి పెట్టుకోవాలి. ఇచ్చాక తీస్తే స్ట్రిప్‌లో పాజిటివ్ వచ్చినా అది కల్లులోదో మనం ఇచ్చినదో తేల్చలేం. ముందే తీశాం కాబట్టి బెంజోడయాజిపైన్ (ఆ జాతి మందుల పేరు) పాజిటివ్ అన్నది ధైర్యంగా రాయగలిగాం. క్లినిక్ చీటీలో ఆ జాతి మందు లేదని కూడా చూసుకున్నాం. క్లోరల్ హైడ్రేట్ ఈ స్ట్రిప్‌లో తెలియదు. పాజిటివ్ వచ్చింది కదా అని మిగతావి వదిలేయలేదు. తొలిసారి ఫిట్స్ కాబట్టి తల సీటీ, జ్వరం ఉంది కాబట్టి మలేరియా పరీక్ష, సోడియం, పొటాషియం, లివర్, కిడ్నీ పరీక్షలు చేశారు. పొటాషియం కొంచెం తక్కువ, మిగతావి బాగానే ఉన్నాయి.

వార్డులో

సైకియాట్రిస్ట్ హాలోపెరిడాల్ ఆపించి లోరజిపాం ఇంజెక్షన్, తర్వాత డయాజిపాం రాశారు. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చాం. తిండి సరిగ్గా లేకుండా తాగేవాళ్లలో ఈ వరుస తప్పితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. మొదటి రోజు మొత్తం 40 మిల్లీగ్రాముల డయాజిపాం పట్టింది. నిద్ర మత్తులోకి జారినా పిలిస్తే పలకాలి, ఊపిరి నిమిషానికి పన్నెండుకు తగ్గకూడదు. అర్ధగంటకోసారి చూసి ఆ లెక్కనే తర్వాతి మోతాదు.

విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మత్తు ఆగితే వచ్చే బాధను కొలిచే స్కేళ్లు చాలావరకు రోగిని అడిగి నింపేవి. "తిమ్మిరిగా ఉందా, వెలుగు చూస్తే ఇబ్బందిగా ఉందా" అని పత్తి చేలో ఉన్న మనిషిని అడిగితే ఏం లాభం? అందుకని మనిషి కలవరాన్ని, మత్తును కంటితో చూసి రాసే రాస్ (RASS) స్కేలు వాడాను. ప్లస్ ఎంత పెరిగితే కలవరం అంత ఎక్కువ, సున్నా అంటే మెలకువగా నెమ్మదిగా ఉన్నట్టు. వచ్చినప్పుడు ప్లస్ 3, అర్ధరాత్రికి ప్లస్ 1, మర్నాడు పొద్దునకు సున్నా. సాయంత్రం మళ్లీ ప్లస్ 2కు పోయింది. డెలీరియం పొద్దుగూకాక ముదురుతుందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచడం వల్ల వాళ్లు కంగారుపడలేదు.

ఆ మొదటి రాత్రి ఆమె సెలైన్ పీకేసుకుంది. చేతులు కట్టేద్దామని పక్క బెడ్లవాళ్లు, ఒకరిద్దరు స్టాఫ్ కూడా అన్నారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం వేరే దారి లేనప్పుడు, తక్షణ హాని తప్పించడానికి, సైకియాట్రిస్ట్ అనుమతితోనే కట్టాలి, అదీ అవసరమైనంత సేపే. చట్టం సంగతి అలా ఉంచి, డెలీరియంలో ఉన్న మనిషిని కడితే భయం రెట్టింపవుతుంది, పెనుగులాట ఎక్కువవుతుంది. ఆమె పెనుగులాడింది కొట్టడానికి కాదు, పొద్దు పోయేలోపు సాళ్లు పూర్తి చేయడానికి. కోడలిని పక్కన కూర్చోబెట్టాను. సెలైన్ గొట్టం చీర కొంగు కింద కనపడకుండా కట్టు వేశాను. ట్యూబ్‌లైట్ తీసేయకుండా ఉంచాను, ఎందుకంటే సగం చీకట్లోనే నీడలు మనుషులవుతాయి. ఒక పాత దుప్పటి ఒళ్లో వేసి, ఏరుకోనిచ్చాం. కోడలు, "అత్తా, ఇది పాలమూరు దవాఖాన. ఇప్పుడు రాత్రి. పత్తి కాటా అయిపోయింది, ఇంక పండుకో" అని మళ్లీ మళ్లీ చెప్పింది. ఊరు, వేళ చెప్పమన్నది నేను. పత్తి కాటా మాట ఆమె సొంతం. రాత్రి రెండు దాటాక పెద్దమ్మ కొంగు ముడి విప్పేసి పడుకుంది.

రోగిలో నిర్ణయం తీసుకునే శక్తి లేనప్పుడు ఆమె తరఫున ఎవరు సంతకం పెట్టారో, ఏం చెప్పి పెట్టించామో కేస్ షీట్‌లో రాయాలి. కొడుకు సంతకం తీసుకున్నాం. నాలుగో రోజుకు ఆమెకు తెలివి నిలబడ్డాక జరిగిందంతా చెప్పి, ఉంటావా అని ఆమెనే అడిగాం. ఉంటానంది. జరిగిన రోజులు ఆమెకు గుర్తులేవు. భర్త గేటు దగ్గర నిలబడడం మాత్రం గుర్తుంది. అది గుర్తుండడం ఆమెకు ఇష్టంగానే ఉంది, దాని జోలికి నేను పోలేదు.

దింపడం

ప్రాణాపాయం తప్పాక అసలు పని మొదలవుతుంది. కుటుంబాలు ఇక్కడే తొందరపడతాయి. కల్లు మానింది కదా, ఈ గోలీలు కూడా మత్తువే కదా, అవీ ఆపేద్దాం అంటారు. "గౌడన్న తాటిచెట్టు ఎట్ల ఎక్కుతడో అట్లనే దిగుతడు, మీదికెళ్లి దుంకడు" అని కొడుకుకు చెప్పాను. ఆ మాట పట్టింది.

వార్డులో డయాజిపాంను 40 నుంచి 20కి దింపి, తొమ్మిదో రోజు ఇంటికి పంపాం. ఆ తర్వాత రెండు వారాలకోసారి 2.5 మిల్లీగ్రాములు తగ్గింపు, అంటే సగం గోలీ. తగ్గించిన వారం నిద్ర చెడితే అదే మోతాదు మీద ఇంకో వారం ఆగొచ్చు, వెనక్కి పెంచకూడదు. గోలీలు వారానికి సరిపడానే ఇస్తాం, కోడలి దగ్గర ఉంటాయి. ఒకటే కట్టుబాటు గట్టిగా చెప్పాను. గోలీ వేసుకున్న రోజు దుకాణం కల్లు ఒక్క గుక్క కూడా తాగకూడదు, తాగితే ఆ పూట గోలీ ఇవ్వొద్దు, మాకు ఫోన్ చేయాలి. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఊళ్లో ఆశా కార్యకర్తకు కూడా ఇది చెప్పి ఉంచాం. రాత్రిపూట మేం అందకపోతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు చేయమని నంబరు గోడ మీద రాయించాను.

ఎందుకు తాగేది అన్నది రెండో వారం ఓపీలో మాట్లాడుకున్నాం. మోకాళ్ల నొప్పులు, వంగి ఏరడం వల్ల నడుము, భర్త పోయాక పట్టని నిద్ర. మొదట ఈత కల్లు, తర్వాత పక్కింటామె ఇచ్చిన దుకాణం సీసా. "ఒక్క సీసకే తెల్లారేదాకా పన్న బిడ్డా, గంత సుఖం ఎన్నడెరుగ" అంది. ఆ సుఖం అబద్ధమని చెప్పలేదు. నిజంగానే అది నిద్రమాత్ర కదా. డిప్రెషన్ ఉందేమోనని అనుమానం వచ్చినా వెంటనే మందు మొదలుపెట్టలేదు. ఇలాంటి విత్‌డ్రాయల్ తర్వాత మొదటి మూడు నాలుగు వారాలు దిగులు, నిద్రలేమి చాలామందికి ఉంటాయి. ఐదో వారానికి తిండి, మాట, పని మీద మనసు తిరిగొచ్చాయి. భర్త దుఃఖం ఉంది, అది జబ్బు కాదు. నిద్రకు మాత్రం చెప్పాల్సినవి చెప్పాను: పొద్దంతా చాప మీద ఒరగొద్దు, చీకటి పడ్డాక టీ వద్దు, నిద్ర రాకపోతే లేచి కూర్చో. నొప్పులకు పారాసెటమాల్, ఎముకల డాక్టరు దగ్గరికి చీటీ.

మూడో నెలలో పెద్దల అమావాస్యకు ఈత కల్లు తాగింది. కోడలు దాచబోయింది, పెద్దమ్మే నాతో చెప్పింది. చెట్టు కల్లేనా అని రెండుసార్లు అడిగి, ఆ రాత్రి గోలీ ఆపారా అని కనుక్కుని, మోతాదు అలాగే ఉంచమని డాక్టరుతో మాట్లాడాను. తిట్టలేదు. తిడితే ఆమె తర్వాతిసారి చెప్పదు, చెప్పకపోతే గోలీ మీద కల్లు పడుతుంది.

పోయినసారి వచ్చినప్పుడు మోతాదు 5 మిల్లీగ్రాములు. నాడి, బీపీ మామూలుగా ఉన్నాయి, చాచిన చేతుల్లో వణుకు లేదు, ఇరవై నుంచి ఒకటి దాకా గుక్క తిప్పుకోకుండా లెక్కపెట్టింది. రాత్రి నాలుగైదు గంటలే నిద్ర పడుతోంది, దాని మీద ఇంకా పని ఉంది. వెంట తన వాడకట్టు ఆడమనిషిని ఒకామెను తీసుకొచ్చింది. ఆమె కూడా అదే దుకాణంలో పదిహేనేళ్లుగా తాగుతోంది, వచ్చే నెల కొడుకు దగ్గరికి పుణె పోవాలి. బయలుదేరకముందే వచ్చింది కాబట్టి ఆమెకు ఫిట్స్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆ పూటే మూత్రం శాంపిల్ తీసి, సైకియాట్రిస్ట్‌కు చూపించి, డయాజిపాం ఇచ్చి మెల్లగా తగ్గించే షీటు మొదలుపెట్టాం. ప్రయాణం నెల రోజులు వాయిదా వేయమని ఆమె కొడుకుతో ఫోన్‌లో మాట్లాడాను, ఒప్పుకున్నాడు.